ఒక అబద్ధపు వ్యాఖ్యానం వెంట లక్సెట్టిపేటకు

ఫిబ్రవరి చివర ఒక సోమవారం ఉదయం ఆరూ నలభైకి సికింద్రాబాదులో ప్యాసింజరు ఎక్కాను. మంచిర్యాలకు మూడో తరగతి టికెట్టు. సామాను మూడే: పక్కబట్టలు, చేతిసంచి, ఒక గుండ్రటి రేకుడబ్బా. ఆ డబ్బాలో పద్దెనిమిది నిమిషాల డాక్యుమెంటరీ చిత్రం ఉంది. పద్నాలుగేళ్ల కిందట దానికి తెలుగు వ్యాఖ్యానం రాసింది నేనే. అందులో ఒక మనిషి గురించి, తెలిసి తెలిసి, అబద్ధం రాశాను. ఆ మనిషి ఊళ్లో దాన్ని సరిచేద్దామని బయల్దేరాను.

ఈ బండి ప్రతి స్టేషన్లో ఆగుతుంది. తొందర ఉన్నవాళ్లు ఎక్కకూడదు. పది దాటాక కాజీపేటలో అరగంట ఆగితే పూరీ, ఆలుగడ్డ కూర తిన్నాను. కూర బాగుంది, పూరీ పొద్దుటిది. అక్కడే బొగ్గుబాయిలో పనిచేసే ఒకతను, అతని భార్య, ఇద్దరు పిల్లలు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. బెల్లంపల్లి వెళ్తున్నారు. కాసేపటికి ఆమె నా కాళ్ల దగ్గరి డబ్బా చూపించి అడిగింది.

"గా డబ్బల ఏముంది సారూ, మిఠాయా?"

"సినిమా. ఊళ్లల్లో జనం ఎట్లా భయపడతారో తీసింది."

ఆమె మొగుడి వైపు తిరిగి నవ్వింది. "భయం సూడనీకి సినిమా ఎందుకు సారూ? గీయన మొదటిపాలి బాయిల దిగిననాడు నేను సూడలేదా?"

"నువ్వేడ సూసినవే? ఇంట్లనే ఉంటివి గదా!" అన్నాడు అతను.

"ఎడమకాలి చెప్పు కుడికాలికి ఏసుకొని పోతివి. గది సాలదా?"

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. మా చిత్రంలో అలాంటి దృశ్యం ఒక్కటీ లేదని నాకు అప్పుడు అనిపించింది.

పెద్దపల్లి, రామగుండం మీదుగా బండి వెళ్తుండగా పాత సంగతులు కాగితం మీద పెట్టుకున్నాను. ఇక్కడా అవే రాస్తున్నాను.

హైదరాబాదులో అప్పుడు చిన్న చిత్రాల కంపెనీ ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. పల్లెల్లో భయం ఎలా కాపురముంటుందో చూపించే చిత్రం తీయాలని ఒక పని వచ్చింది. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల్లో మూడు వారాలు తిరిగాం. భయపడ్డ ముఖాలు కావలసినన్ని దొరికాయి. మూసిన తలుపులు, ఖాళీ వీధులు, బావి దగ్గర మాట ఆపేసే ఆడవాళ్లు, అన్నీ తీశాం. తీరా కూర్పు గదిలో కూర్చున్నాక మా యజమాని అడిగాడు: "ఇంతమంది భయపడుతున్నారు సరే, ఎవర్ని చూసి?" సమాధానం మా దగ్గర లేదు. నిజంగా భయపెట్టేవాళ్లు ఈ వైపునా ఆ వైపునా తుపాకులు పట్టుకుని ఉన్నారు. వాళ్లను తీయడానికి మాకు భయం.

అప్పుడు ఒక ఫిలిం ముక్క దొరికింది. లక్సెట్టిపేటకు మూడు మైళ్ల దూరంలో ఉన్న పల్లెలో లింబయ్య అనే సాలె ఆయనను అతని ఇంటి గడపలో తీశాం. గడపలో నీడగా ఉందని, వెండికాగితం అంటించిన పలకతో ఎండను అతని ముఖం మీదికి కొట్టించాడు కెమెరామన్. ఆ వెలుగుకు లింబయ్య కళ్లు చిట్లించాడు, కనుబొమలు ముడిపడ్డాయి, పళ్లు బిగిశాయి. ఎవరినో నరకబోతున్నట్టుంది ముఖం. దృశ్యం అయిపోయాక అతను మాకు మజ్జిగ ఇచ్చాడు. అది చిత్రంలో లేదు.

ఆ ముఖం మీద నేను ఇలా రాశాను: "ఈ కళ్లు చూడండి. ఎన్ని ఊళ్లకు నిద్ర లేకుండా చేశాయో. ఇతని కత్తికి ఎన్ని ఇళ్లు పాడుపడ్డాయో." యజమాని బాగుందన్నాడు. నాకూ బాగుందనిపించింది.

రెండు గంటలకు గోదావరి వంతెన దాటి ఆదిలాబాదు జిల్లాలో అడుగుపెట్టాం. నీళ్లు సన్నగా ఒక పక్కన పారుతున్నాయి, మిగతాదంతా ఇసుక. రెండున్నరకు మంచిర్యాల. స్టేషన్ బయట మూడుంపావుకు లక్సెట్టిపేట బస్సు. మేకలకు కూడా టికెట్టు కొట్టారు. నాలుగున్నరకు దిగాను. అక్కడి బంగళాలో మంచం దొరుకుతుంది. దోమతెర దొరకదు, వెళ్లేవాళ్లు తెచ్చుకోవాలి.

ఖాజామియా బంగళా అరుగు మీద నాకోసం ఎదురుచూస్తున్నాడు. ఆనాడు మా వ్యాను మీద ప్రొజెక్టరు తిప్పింది అతనే. ఇప్పుడు బ్లాకు ఆఫీసు జీపులో ఎరువుల సినిమాలు, మలేరియా సినిమాలు తిప్పుతున్నాడు. మన బొమ్మ ఆడినప్పటి నుంచి లింబయ్య ఊళ్లో ఉండలేకపోయాడని నిరుడు నాకు కార్డు రాసింది కూడా అతనే.

"క్యా సాబ్, ముసలోళ్లయిన్రు," అన్నాడు.

"నువ్వు కాలేదా?"

"నేను కాలే. నా మిషన్ అయ్యింది. జర దగ్గుతది, అంతే."

మంగళవారం ఉదయం ఎనిమిదికి నడిచి ఆ పల్లెకు చేరాను. ఊరి పేరు రాయడం లేదు, వాళ్లకు ఒకసారి జరిగింది చాలు. సాలెల సందులోకి మలుపు తిరిగితే గుంటమగ్గాల చప్పుడు రెండు వైపులా వినిపిస్తుంది. లింబయ్య భార్య రాజవ్వ ఇల్లు చివరి నుంచి మూడోది. ఆమె మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది.

నా పేరు చెబితే ఆమెకు తెలియదు. "సినిమా తెర దగ్గర కట్టె పట్టుకొని చెప్పినవాణ్ని," అన్నాను.

ఆమె పోగు తోసే నాడె ఆపింది. లేవలేదు. "కూసో," అంది. "గప్పుడు నిలవడి చెప్పినవ్. గిప్పుడన్న కూసోని చెప్పు."

ఇక్కడ ఆ కట్టె సంగతి చెప్పాలి. మా చిత్రం మీద మాటలు హిందీలో ఉండేవి. పల్లెల్లో ప్రొజెక్టరు గొంతు తగ్గించి, తెర పక్కన ఒక మనిషి నిలబడి కట్టెతో బొమ్మ చూపిస్తూ తెలుగులో చెప్పాలని ఏర్పాటు. ఆ ఆలోచన నాదే. ఈ వైపు కూనపులివాళ్లు రెండు మూడేళ్లకోసారి సాలెల దగ్గరికి వచ్చి, బొమ్మల పటం వేలాడదీసి, కట్టెతో చూపిస్తూ వాళ్ల కులం పుట్టుక కథ చెప్తారు. జనం కదలకుండా వింటారు. ఆ పద్ధతి పెడితే మా మాటా అలాగే వింటారని అనుకున్నాను. మొదటి వారం నేనే చెప్పాను, ఈ ఊళ్లో కూడా. లింబయ్య ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. తెర మీద తన ముఖం కనబడగానే పెద్దగా నవ్వి పక్కవాడి తొడ మీద చరిచాడు. నేను అతన్ని చూశాను. చూసీ ఆ వాక్యం చదివాను. మర్నాడు పొద్దున్నే వ్యాను వేరే ఊరికి వెళ్లిపోయింది.

"మరునాడు ఎవ్వలేమన్లే సారూ," అంది రాజవ్వ. "అంటెనే బాగుండు. సావుకారి ఎప్పుడు నూలు ఇచ్చేకాడ సతాయిస్తుండె. గానాడు ఒక్క మాట అనకుంట ఇచ్చిండు. ఈయన సంబురపడ్డడు. నాకు గప్పుడే అనుమానం వడ్డది."

తర్వాత ఒక్కొక్కటే. లింబయ్య వాకిట్లో నిలబడితే అవతలివాళ్లు పిల్లల్ని లోపలికి పిలిచారు. కల్లు దగ్గర అతను కూర్చుంటే పక్కవాళ్లు లేచారు. పొరుగూళ్లో గడ్డివామి కాలితే అతను ఆ పూట ఎక్కడున్నాడని అడగడానికి మనుషులు వచ్చారు. రెండేళ్లు ఓర్చుకుని, ఉట్నూరు దిక్కు అడవిలో కలప డిపోకు కాపలాగా పోయాడు. ఏడాదికి రెండుసార్లు వస్తాడు, ఎవరూ తిరగని వేళ చూసుకుని.

"పుట్టినప్పటి నుంచీ చూసినవాళ్లే కదా, ఎట్లా నమ్మారమ్మా?" అని అడిగాను.

"పటం కాడ చెప్పింది కాదంటరా? బట్ట మీద బొమ్మ ఉండె, పక్కపొంటి నువ్వు కట్టె పట్టుకొని ఉంటివి. మాకు తెల్వనిది నీకు తెలిసిందనుకున్నరు."

"మీరు ఆయనతో ఎందుకు పోలేదు?"

"నేను గూడ పోతే ఒప్పుకున్నట్టేనాయె."

చిత్రం తెచ్చానని, తప్పు ఒప్పుకుంటానని చెప్పాను. ఆమె పోగులు సర్దుకుంది. తర్వాత చాలా స్పష్టంగా చెప్పింది. "పటం కాడ తప్పు పడితే పటం కాడనే తిప్పి చెప్పాలె. చెప్పినోడే చెప్పాలె. కులపోళ్లు కూసోవాలె, ఎవల మీద తప్పు వడ్డదో ఆయన గూడ ముంగట కూసోవాలె. గది మా రివాజు. ఆయనను తోలుకరా. నేను రమ్మన్ననని చెప్పు."

బుధవారం ఏడు గంటలకు ఖాజామియా జీపులో బయల్దేరాం. అతనికి ఉట్నూరులో ఎరువుల సినిమా ఉంది. ఎనిమిదిన్నరకు జన్నారంలో చాయ్. అక్కడి నుంచి దారి టేకు అడవిలోకి పోతుంది. ఆకు చాలావరకు రాలింది, మోదుగు మాత్రం పూసి ఉంది. జీపు వెనక దుమ్ము లేచి చాలాసేపటి వరకు అణగదు. పదకొండుకు ఉట్నూరు. అక్కడ జొన్నరొట్టె, పప్పు తిని, అటవీ గుత్తేదారు డిపోకు ఇంకో మూడు మైళ్లు వెళ్లాం.

అప్పుడు అక్కడ దుంగలు కొలుస్తున్నారు. మున్షీ టేపు పట్టుకుని కొలత చెప్తున్నాడు. బండ్లవాళ్లు వరసగా నిలబడి వింటున్నారు. మున్షీ వెనక, నాలుగు అడుగుల దూరంలో, ఖాకీ కోటు వేసుకుని, చేతికర్ర నేలకు ఆనించి లింబయ్య నిలబడ్డాడు. మీసం తెల్లబడింది. కనుబొమలు మా చిత్రంలో ఉన్నట్టే ముడిపడి ఉన్నాయి, ఇక్కడ మాత్రం ముఖం మీద వెలుగు కొట్టేవాళ్లెవరూ లేరు. ఒక గోండు బండి ఆయన కొలత తక్కువ చెప్పారని నోరు తెరిచాడు. లింబయ్య తల అటు తిప్పగానే నోరు మూసుకుని ఎద్దు మెడ మీద చెయ్యి వేసుకున్నాడు.

తర్వాత ఖాజామియా ఆ బండి ఆయనకు బీడీ ఇచ్చి, కాపలాయన కొడతాడా అని అడిగాడు.

"కొట్టడు. ఎవ్వల్ని ఏమనడు. సూస్తడు గంతే. సినిమాల ఉన్నోడంట, కంట్రాక్టరు చెప్పిండు."

రెండు గంటలకు పని ఆగింది. నేను షెడ్డు నీడకు వెళ్లి "లింబయ్యా" అన్నాను. అతను గొంతు వచ్చిన వైపు తల తిప్పి, చెవి ఒగ్గినట్టు ఒక్క క్షణం ఆగాడు.

"కట్టె పట్టుకున్న సారు," అన్నాడు. "మళ్ల ఏం జెప్పనీకొచ్చినవ్?"

చెప్పాను. అతను బీడీ నోట్లో పెట్టుకుని, కొసను వేలితో తడిమి చూసుకుని, అప్పుడు అగ్గిపుల్ల గీశాడు.

"ఒద్దు సారూ. నీ పాపం నువ్వు కడుక్కుంటవ్, నా బువ్వ పోతది. నన్ను సూసి భయపడుతరనే గదా కంట్రాక్టరు ఉంచుకున్నది. గాడ నువ్వు అబద్ధమని చెప్తే, మూడొద్దులల్ల ఈడికి తెలుస్తది. బండ్లన్నీ లక్సెట్టిపేట మీదికెళ్లే పోతయ్."

"మగ్గం ఉంది కదా, ఊరికి పోవచ్చు కదా."

అతను చుట్టూ మనుషులు లేరని విని నిర్ధారించుకుని, గొంతు తగ్గించాడు. "కండ్లు పోయినయ్ సారూ. నాలుగేండ్లాయె. పోగు కనిపిస్తలేదు. మనిషి ఆకారం కనిపిస్తది, మొకం కనిపించదు. గీ కండ్లు మగ్గానికి పనికిరావు, భయపెట్టనీకి పనికొస్తయ్. ముంగటోడు ఎవడో నాకు తెల్వదు. నేను సూస్తున్న అనుకొని వాడు తలకాయ వంచుకుంటడు."

"రాజవ్వకు తెలుసా?"

"ఎవ్వలకు తెల్వదు. నువ్వు చెప్పకు. గీ ఒక్కటన్న నా గురించి చెప్పకుంట ఉండు."

సరే అన్నాను. రాజవ్వ చెప్పమన్న మాట మాత్రం చెప్పాను. ఆయన ముందు కూర్చోవాలట, ఆమె రమ్మందట అని. అతను బీడీ చివరిదాకా కాల్చాడు. "ఆమెనే అన్నదా?" అని ఒకసారి, కాసేపయ్యాక మళ్లీ ఒకసారి అడిగాడు. మేము ఉట్నూరు తిరిగివచ్చాం.

గురువారం ఉదయం ఉట్నూరులో జీపు తుడుస్తూ ఖాజామియా "సాబ్, చూడున్రి," అన్నాడు. లింబయ్య ఉతికిన ధోవతి కట్టుకుని, పైన ఖాకీ కోటు వేసుకుని, మూడు మైళ్లు నడిచివచ్చి జీపు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఒక్కరోజే," అన్నాడు. "రేపు పొద్దుగాల బస్సుకు మళ్ల పోత."

దారిలో ఖాజామియా అతనితో, "లింబయ్యా, ఆ బొమ్మ నేను తిప్పిన, ఈ సాబ్ చెప్పిండు. నన్నెందుకు తిడతలేవు?" అన్నాడు.

"నువ్వు తిప్పేది తిప్పితివి మియా. పిండి గిర్నీల జొన్నలేసినా తిరుగుతది, మట్టేసినా తిరుగుతది."



ఆ సాయంత్రం ఏడు గంటలకు పల్లెలో సాలెల కులసంఘం ఇంటి గోడకు తెల్లబట్ట కట్టాం. సందంతా వచ్చింది. ఊరి బయట బండ్లు విప్పుకున్న ఇద్దరు ముగ్గురు కలప బండ్లవాళ్లు కూడా సినిమా అంటే వచ్చి వెనక నిలబడ్డారు. లింబయ్య ముందు వరసలో కూర్చున్నాడు. అతనికి రెండు వైపులా ఒక్కొక్క మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. నేను ఉత్త చేతులతో నిలబడితే రాజవ్వ ఒక కట్టె తెచ్చి ఇచ్చింది. "పట్టుకో. లేకుంటే లెక్కల వెట్టరు."

ఖాజామియా మిషను గొంతు తగ్గించి రీలు నడిపాడు. నేను రెండు కాగితాలు కొత్తగా రాసుకొచ్చాను. ఏ తలుపు ఎవరు మూయమంటే మూశారో, ఏ వీధి ఎవరిని పక్కకు పొమ్మంటే ఖాళీ అయిందో చెప్పుకుంటూ పోయాను. పద్నాలుగో నిమిషంలో లింబయ్య ముఖం వచ్చింది. మిషను ఆపితే బల్బు వేడికి ఫిలిం కాలిపోతుంది. అందుకని ఖాజామియా వెనక్కి తిప్పి, ఆ ముక్కనే మూడుసార్లు నడిపాడు. మూడుసార్లూ ఒకటే చెప్పాను: ఇతని పేరు లింబయ్య, ఇతను ఎవరి మీదా చెయ్యెత్తలేదు, ఎండ కళ్లలో కొడితే ముఖం ఇలా అయింది, ఆ సంగతి నాకు ఆనాడే తెలుసు, తెలిసీ అబద్ధం చెప్పాను.

వెలుగు వేశాక ఎవరూ లేవలేదు. కులపెద్ద మల్లేశం గొంతు సవరించుకున్నాడు.

"సారూ, నిన్ను ఈడికి తెచ్చిందెవలు?"

"నా అంతట నేనే వచ్చాను."

"జీబుల నీ పక్కపొంటి కూసోని వచ్చిందెవలు?"

"లింబయ్య."

మల్లేశం తలూపాడు. పక్కవాళ్లతో మెల్లగా అన్నాడు, నాకు వినిపించింది. "పట్నపు మనిషితోని గింత చెప్పిచ్చిండంటే, ఎంత బెదిరిచ్చిండో!"

నేను కాదన్నాను. రెండోసారి గట్టిగా కాదన్నాను. "సూడున్రి, చేతులు వణుకుతున్నయ్ పాపం," అంది ఒకామె. నిజమే, చేతిలో కాగితాలు వణుకుతున్నాయి. ఆడవాళ్లు పిల్లల్ని లేపి చంకన వేసుకోవడం మొదలుపెట్టారు. నేను ఎంత కాదంటే లింబయ్య అంత భయంకరుడవుతున్నాడు. చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. ఒక్కటుంది, అది చెప్పనని మాట ఇచ్చినట్టే.

లింబయ్య లేచి నిలబడ్డాడు. లేస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగారు.

"మల్లేశమన్నా, యాడున్నవ్?"

మల్లేశం అతనికి నాలుగు గజాల దూరంలో, పెట్రోమాక్సు వెలుగులో ఉన్నాడు. "ఈడనే ఉన్న," అన్నాడు.

"నాకు కనిపిస్తలేవే. మాట ఇనవడ్తుంది, మొకం కనిపిస్తలేదు. నాలుగేండ్ల సంది ఎవ్వల మొకం కనిపిస్తలేదు. డిపోల కాపలా అంటే నిలవడుడే. దుంగ ఎత్తుకపోతే గూడ నాకు తెల్వదు. గీ సారును నేనేం బెదిరిస్త? సారు గిప్పుడు ఎట్లుంటడో గూడ నాకు ఎరుక లేదు."

వెనకనున్న బండ్లవాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. లింబయ్యకు వాళ్లున్నారని తెలుసో లేదో నేను అడగలేదు.

గోడ దగ్గర నుంచి రాజవ్వ గొంతు వచ్చింది. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేద్దువు?"

"నేను నేస్తును, నువ్వు నూలు కండెలు సుట్టుదువు. గంత తెలివి లేదా నీకు?"

"మొగోడు కండెలు సుడ్తడా!" అన్నారెవరో. ఎక్కడో ఒక నవ్వు వినిపించి ఆగిపోయింది. జనం ఇళ్లకు వెళ్లారు. ఫలితం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఖాజామియా బట్ట మడిచి, "బస్, ఇక అల్లా ఇష్టం," అన్నాడు.

శుక్రవారం ఉదయం ఏడున్నరకు సెలవు తీసుకోవడానికి సందులోకి వెళ్లాను. లింబయ్యా నేనూ తొమ్మిది గంటల ఖానాపూర్ బస్సుకు పోవాలి. అతను జన్నారంలో దిగుతాడు, నేను ముందుకు వెళ్తాను. సందు పొడుగునా పడుగు పోగులు చాపి గంజి పెడుతున్నారు. పొరుగింటి నర్సవ్వది ఆ పడుగు. లింబయ్య మూట చంకన పెట్టుకుని గడప దిగి, తిన్నగా పడుగులోకి నడిచాడు. పోగులు పటపటా తెగాయి.

"ఓ లింబిగా! కండ్లు యాడ వెట్టుకొని నడుస్తున్నవ్‌రా! రెండొద్దుల పని కరాబు జేస్తివి గదరా, నీ కాళ్లిరుగ!"

లింబయ్య బిత్తరపోయి నిలబడ్డాడు. తర్వాత అతని మెడ నరాలు పొంగాయి. "నడితొవ్వల సాపుమని ఎవలు చెప్పిన్రే నీకు? తొవ్వ నీ అయ్య జాగీరా?"

"మా అయ్య జాగీరే! ఏం జేస్తవ్‌రా? గుడ్డోనికి గింత పొగరా!"

"నీ పడుగు పాడుగాను! గంజి ఏసినవా, జొన్న గట్క పోసినవా గిది?"

నర్సవ్వ గంజికుంచె ఎత్తింది. నేను మధ్యలోకి వెళ్లబోయాను. గడపలో నిలబడ్డ రాజవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"పోకు సారూ. కొట్లాడనియ్యి. గా సినిమా సంది ఈ సందుల ఒక్కలు మా ఇంటిని తిట్టలే."

తిట్లు రెండు తరాల వెనక్కి వెళ్లి, ఒక మేక సంగతి దగ్గర ఆగాయి. నర్సవ్వ అలిసిపోయి, "నిలవడి ఏం సూస్తున్నవ్, పోగులు ముడెయ్యి!" అంది. లింబయ్య మూట కింద పెట్టి, పడుగు పక్కన కూర్చుని, తెగిన కొసలు వేళ్లతో వెతుక్కుంటూ ముడివేయడం మొదలుపెట్టాడు. ముఖం ఆకాశం వైపు ఉంది. వేళ్లు తడబడలేదు. రాజవ్వ వెళ్లి అవతలి వైపు కూర్చుంది. నేను చెప్పివద్దామని కాసేపు నిలబడ్డాను. ఎవరూ నా వైపు చూడలేదు.

బస్సు తొమ్మిదిన్నరకు వచ్చింది. కండక్టరు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే లేరన్నాను.

నా వెనక సీట్లో రాత్రి చూసిన బండ్లవాళ్లిద్దరు ఎక్కి ఉన్నారు. బండి తమ్ముడికి అప్పగించి జన్నారం వెళ్తున్నారు.

"గిన్నేండ్లు గుడ్డోన్ని సూసి భయపడ్డమానే?" అన్నాడు ఒకడు.

"నువ్వు భయపడ్డవ్. నేను పడలే."

"పడకుంటే మొన్న నీ దుంగకు గజం తక్కువ చెప్తే నోరెందుకు మూసుకున్నవ్?"

బస్సు ఒక వాగు దిగి ఎక్కింది. "సోమారం కొలతకు నేను పోత," అన్నాడు రెండోవాడు. "టేపు కొస నేను వట్టుకుంట."

పన్నెండుంపావుకు ఖానాపూర్. హోటల్లో అన్నం, చింతచిగురు పప్పు, ముప్పావలా. ఒంటిగంటకు నిర్మల్ బస్సు. అక్కడి నుంచి ఇంకో బస్సులో సోన్ దగ్గర గోదావరి దాటి, సాయంత్రం నిజామాబాదు చేరి సికింద్రాబాదు బండి ఎక్కాను. పెట్టె ఖాళీగా ఉంది. కాళ్లు చాపుకుని లెక్క చూసుకున్నాను.

నేను సరిచేయడానికి వెళ్లింది సరిచేయలేకపోయాను. ఆ ఊళ్లో నా మాటకు ఇప్పుడు విలువ లేదు, అది న్యాయమే. లింబయ్య తన నౌకరి తానే పోగొట్టుకున్నాడు. కండెలు చుడితే ఇద్దరికీ గడుస్తుందో లేదో నాకు తెలియదు, తెలుసునన్నట్టు రాయను. పద్నాలుగేళ్ల కిందట మేము మూడు వారాలు వెతికినా భయం ఎక్కడుంటుందో మాకు దొరకలేదు. దొరక్కపోతే దొరకలేదని చెప్పి చిత్రం ముగించి ఉండవలసింది. నేను కట్టె పట్టుకుని ఒక ముఖం చూపించాను. ఆ దారిన వెళ్లే చిత్రాలవాళ్లు ఎవరైనా ఉంటే, సాలెల సందులో ఎవరి ముఖం మీదా ఎండ కొట్టించవద్దు. మజ్జిగ ఇస్తే తాగండి, ఇచ్చిన చేతిని కూడా తీయండి.